ఎర్రనీళ్ల పాఠం

ఆ రోజుల్లో బీఎడ్ చదివేవాళ్లను ఆర్మూర్‌లో ఎవరైనా ఇట్టే గుర్తుపట్టేవారు. చంకలో చుట్టిన చార్టు, చేతిలో చాక్‌పీసుల డబ్బా, ముఖంలో అప్పటికే సగం పంతులు. టీచింగ్ ప్రాక్టీసు నెలంతా ఒకరినొకరు 'సార్', 'మేడం' అని పిలుచుకుని మురిసిపోయేవాళ్లు. ఎంత బాగుండేవో ఆ రోజులు.

1988లో గంగాకిషన్‌కు ఆ మురిపెం ఎంతోకాలం మిగిలేలా లేదు. ఆలూర్‌లో పసుపు పండించే తండ్రి భూమన్న తేల్చి చెప్పేశాడు, పరీక్ష తప్పితే దుబాయ్ అని. అందుకే చివరి పాఠం రోజు పొద్దున్నే అద్దెగది గడప దగ్గర ప్రయోగం ఒకసారి చేసి చూసుకుని బడికి పోదామనుకున్నాడు. పసుపు నీళ్లలో క్షారమైన సున్నం కలిపితే ఎర్రబడతాయి. ఇత్తడి పళ్లెంలో చక్కగా ఎర్రబడ్డాయి కూడా.

అప్పుడే తోటి ట్రైనీ రాధాబాయి చార్టుల కర్ర అడగడానికి వచ్చింది. ఆమెకూ ఆ రోజే పరీక్ష కాబట్టి పట్టుచీర కట్టుకుంది.

"కిషన్ సార్, గా పళ్లెం జర ఇటు తెర్రి, రంగు చూస్త."

గంగాకిషన్ పళ్లెం గడప ముందు పెట్టి ఆమె పక్కన నిలబడ్డాడు.

ఇంటి యజమానురాలు లస్మవ్వ బీడీ ఆకులు తెచ్చుకుంటూ అప్పుడే సందు తిరిగింది. ఇస్త్రీ బట్టల్లో పిల్లగాడు, పట్టుచీరలో పిల్ల, గడప ముందర ఎర్రనీళ్లు. కొత్త దంపతులు ఇంట్లో అడుగుపెట్టేముందు దిష్టి తీసే నీళ్లు కాక మరేమిటి? తీసే దిక్కులేక పాపం వాళ్లే కలుపుకున్నారనుకుంది ఆమె.

"చెప్పకుంట చేస్కున్నర బిడ్డా? నేన్ లేనా?" అంటూ పళ్లెం అందుకుని, ఇద్దరి చుట్టూ తిప్పి, నీళ్లు వీధిలో పారబోసింది.

"అవ్వా, గది పాఠం," అన్నాడు గంగాకిషన్.

"సంసారమంటె పాఠమే కొడుకా," అంది లస్మవ్వ కళ్లు తుడుచుకుంటూ.

బీడీలు చుట్టే ఆడవాళ్లంతా చాటలు పక్కన పెట్టి వచ్చేశారు. ఒకామె పాట ఎత్తుకుంది. ఇంకొకామె ఇద్దరి నోళ్లలో చక్కెర పోసింది. దాంతో కాదని చెప్పే వీలు కూడా పోయింది. ఇద్దరూ బడికి పరుగెత్తారు. ఆడవాళ్లూ వెంటపడ్డారు. కబురు పసుపు మార్కెట్‌కు కూడా చేరింది. అక్కడ భూమన్న తన కుప్ప దగ్గర వేలం కోసం కూర్చుని ఉన్నాడు.

గంగాకిషన్ బోర్డు మీద 'క్షారాలు' అని రాసి వెనక్కి తిరిగేసరికి చివరి బెంచీలో నవ్వడమెరుగని పరీక్షాధికారి, కిటికీల నిండా బీడీల ఆడవాళ్లు, గుమ్మంలో రొప్పుతూ భూమన్న. బల్ల మీద సున్నం డబ్బా తప్ప మరేమీ లేదు. తెచ్చుకున్న పసుపంతా లస్మవ్వ పారబోసిన నీళ్లతోనే పోయింది. దుబాయ్ కళ్లముందే కనిపించింది. అంతలో తండ్రి తల రుమాలు మీద చూపు పడింది. మార్కెట్లో పసుపు దుమ్ము పట్టి పచ్చగా ఉంది.

"బాపూ, గా రుమాలు ఇటియ్యి."

కొట్టడానికే వచ్చిన భూమన్న, అంతమందిలో కొడుకు సార్‌లాగా అడిగేసరికి మారుమాట లేకుండా ఇచ్చేశాడు. తడి సున్నం రాయగానే పచ్చ రుమాలు ఎర్రబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. కిటికీల దగ్గరివాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు.

"పాఠంలోకి ఊరినే తీసుకొచ్చారు. ఇన్నేళ్లలో చూడలేదు," అన్నాడు పరీక్షాధికారి.

గంగాకిషన్‌కు ఎగిరి గంతేయాలనిపించింది. ఇక నిజం చెప్పేద్దామని తండ్రిని వరండాలోకి తీసుకెళ్లాడు.

"బాపూ, ఇగ పాసైత. గని గా పెండ్లి..."

"పాసుతోని నాకేం పనిరా," అన్నాడు భూమన్న. "వీసా నిన్ననే అచ్చింది. పాసైనా తోలుదామనే అనుకున్న. గిప్పుడు కొత్త కోడల్ని ఇంట్ల పెట్టుకోని నిన్నెట్ల తోలుత? సిరికొండ పిల్లనట, మనోళ్లేనట, లస్మవ్వ చెప్పింది. ఇగ ఈడ్నే ఉండి పంతులు పని చేస్కో."

గంగాకిషన్ రుమాలు మడిచి తండ్రి చేతిలో పెట్టాడు. తన పాఠం కోసం పక్కనే చార్టు విప్పుకుంటున్న రాధాబాయి అంతా విన్నది.

"కిషన్ సార్," అంది మెల్లగా, "రిజల్ట్ అచ్చేదాంక జర ఏం చెప్పకుర్రి."

ఫలితాలు రావడానికి మూడు నెలలు పట్టింది. పెండ్లి కాలేదని చెప్పే ధైర్యం అప్పటికి ఎవరికీ మిగల్లేదు, వాళ్లిద్దరితో సహా.