ఇరవైనాలుగు గంటల వైఫై దొంగ

నేను, పిన్ని చింతపండులో గింజలు తీస్తున్నాం. సగం బుట్ట అయ్యేసరికి బాబాయి హాలు మధ్యకు వచ్చి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"కనకలక్ష్మీ! అమ్మాయ్ మనోజ్ఞా! ఎవరూ కంగారు పడకండి. ఈ ఇంట్లో దొంగ ఉన్నాడు. కాని వాడి దురదృష్టం కొద్దీ ఇదే ఇంట్లో ఈ తిరుపతిరావు కూడా ఉన్నాడు."

పిన్ని తల ఎత్తలేదు. "కాసేపు కూర్చోమనండి. ఈ బుట్ట అయ్యాక టీ పెడతాను" అంది.

బాబాయి ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు చెరకు ట్రాక్టర్లకు టోకెన్లు ఇచ్చి రిటైరయ్యాడు. ఆ సర్వీసంతటిలో ఆయన ఛేదించిన కేసు ఒకటే. వరసలో ఆగి ఉన్న ట్రాక్టర్లలోంచి రోజూ చెరకు మాయమయ్యేది. మూడు రోజులు పొద వెనక నక్కి నేరస్థుణ్ణి పట్టుకున్నాడు. అది గేదె. ఆ కథ ఆయన అక్కడితో ఆపేస్తాడు. గేదె ఆయనదే అన్న ముక్క పిన్ని చెప్పాలి.

నాకు మాత్రం దొంగ కంటే గడియారాన్ని చూస్తేనే భయంగా ఉంది. నాలుగింటికి, బెంజ్ సర్కిల్ దగ్గరున్న ఒక ఆఫీసువాళ్లు లాప్‌టాప్‌లోనే నన్ను ఇంటర్వ్యూ చేస్తారు. సోమవారం మొదటిసారి చేసినప్పుడు మూడో ప్రశ్నకే కాల్ తెగిపోయింది. "శుక్రవారం ఇంకొక్కసారి చూద్దాం. అప్పుడూ తెగితే మావల్ల కాదమ్మా" అంది అటువైపు మేడమ్. ఇవాళ శుక్రవారం. ఈ ఉద్యోగం రాకపోతే ఆదివారం బస్సుకు సంచి సర్దుకుని మా ఊరు వెళ్లిపోవాలి.

హాల్లో టీవీ పక్కన ఇంటర్నెట్ వాళ్లు బిగించిన మోడెం ఉంది. దాని వైఫై వెనక గదిదాకా రావడం లేదని పోయిన నెల బాబాయి వైఫైని ఇల్లంతా అందించే మూడు తెల్లటి మెష్ డబ్బాలు కొనుక్కొచ్చాడు. ఒకదాన్ని వైరుతో మోడెంకి తగిలించాడు. ఇంకొకటి వంటింట్లో, మూడోది వెనక గదిలో పెట్టాడు. కొత్త వైఫైకి కొత్త పేరు పెట్టమని ఫోను అడిగితే ఒప్పుకోలేదు. పాత పేరే, పాత పాస్‌వర్డే ఇచ్చాడు.

"మన చుట్టాలందరి ఫోన్లలో ఈ పేరే ఉంది. మారిస్తే, వాళ్లు వాడుకుంటున్నారని మార్చామనుకుని నొచ్చుకోరూ?" అన్నాడు.

కాల్స్ తెగడం ఆ వారం నుంచే మొదలైంది.

బాబాయి నా ముందు కూర్చుని ఫోను తెరిచాడు. "చూడు. మోడెంని ఎవరెవరు వాడుతున్నారో ఈ లిస్టులో ఉంటుంది. మన ఫోన్లు వస్తాయి, పోతాయి. వీడొక్కడు మాత్రం కదలడు. ఇరవైనాలుగు గంటలూ ఇక్కడే! తినడు, నిద్రపోడు, నెట్టంతా వాడే తాగేస్తున్నాడు. పేరు లేదు. చివరి అంకెలు తొమ్మిది, ఆరు, ఏడు, నాలుగు."

ఆ అంకెలు డైరీలో ఎర్ర సిరాతో రాసి, కింద రెండు గీతలు కూడా గీశాడు.

"బాబాయ్, పొద్దున నెట్టు బాగుచేసే లాజరుగారికి ఫోన్ చేశాను. వచ్చి చూస్తానన్నారు."

"లాజరు వైర్ల మనిషమ్మా. ఇది బుర్రతో తేలే కేసు."

అప్పుడే పైవాటాలో అద్దెకుండే చిట్టిబాబు వచ్చాడు. కొల్లేరు నుంచి చేపలు తెప్పించి మార్కెట్లో అమ్ముతాడు. చేతిలో క్యారీబ్యాగు ఉంది.

"అక్కగారూ, రొయ్యలండీ. అడిగారుగా."

"రావయ్యా" అన్నాడు బాబాయి మెల్లగా, నవ్వకుండా. "నువ్వు ఎన్నింటికి నిద్ర లేస్తావ్?"

"తెల్లారగట్ట మూడింటికండీ."

"ఊరంతా నిద్రపోతుంటే నువ్వు మెలకువగా ఉంటావన్నమాట!"

"ఊరు లేచాక వెళ్తే చేపలు ఎవరు కొంటారండీ?"

"ఫోన్ ఇలా ఇవ్వు."

ఇచ్చాడు. అందులో మా వైఫై పేరు ఉంది.

"ఏం, నేనే ఇచ్చాను పాస్‌వర్డు" అంది పిన్ని. "దసరాకి వాళ్లమ్మతో వీడియోలో మాట్లాడబోతే అతని నెట్టు అయిపోయింది."

బాబాయి వినలేదు. ఫోను స్విచ్చాఫ్ చేసి పాలిథిన్ కవర్లో వేశాడు. "సాక్ష్యం. ఆ రొయ్యలు కూడా ముట్టుకోకు, లంచం!"

"లంచం కాదు, అరకిలో" అంటూ పిన్ని క్యారీబ్యాగు అందుకుని లోపలికి వెళ్లింది.

"చేపలు కొనే పార్టీలంతా ఆ ఫోనుకే చేస్తారండీ..." అన్నాడు చిట్టిబాబు.

"దర్యాప్తు ముగిశాక!"

చిట్టిబాబు నా వైపు చూశాడు. నేను నేలచూపులు చూశాను. పాపం, తల గోక్కుంటూ మెట్లెక్కాడు.

బాబాయి మళ్లీ లిస్టు చూసి అదిరిపడ్డాడు. "ఇంకా ఉన్నాడే! వీడి ఫోను నా చేతిలో ఉంది, అయినా దొంగ లోపలే ఉన్నాడు. అంటే రెండో మనిషి ఉన్నాడు. ముఠా!"

టైము మూడూ యాభై. లాప్‌టాప్ తెరిచి చూస్తే సిగ్నల్ వచ్చి, పోయి, మళ్లీ వచ్చింది.

"వేలిముద్రలు!" అన్నాడు బాబాయి. పిన్ని పౌడరు డబ్బా తెచ్చి మోడెం మీద ధారాళంగా చల్లాడు. భూతద్దం పెట్టి వంగాడు. వంగినవాడు ఊపిరి పీల్చాడు. ఆ తరవాత వచ్చిన తుమ్ముకి టీవీ మీది గుడ్డ కూడా లేచింది. మోడెం బల్ల అంచు నుంచి జారింది.

"దొరికావురా!" అని అరిచి, కింద పడకుండా దాన్ని రెండు చేతులా పక్కల నుంచి బిగించి పట్టుకున్నాడు.

మోడెంకి ఐదు పచ్చ దీపాలుంటాయి. అందులో ఒకటి ఆరిపోయింది. చూసింది నేనొక్కదాన్నే. నోరు తెరిచేలోగా నాలుగు కొట్టింది. వెనక గదిలోకి పరుగెత్తి తలుపేసుకున్నాను.

కాల్ తెగలేదు. మూడో ప్రశ్న దాటింది. పదో ప్రశ్న దాటింది. తలుపు సందులోంచి పౌడరు వాసన, నేల మీద ఎవరో పాకుతున్న చప్పుడు వస్తున్నాయి.

"గందరగోళంగా ఉన్నచోట ప్రశాంతంగా పని చేయగలవా?" అని అడిగింది మేడమ్.

"చేయగలనండీ" అన్నాను.

అరగంట తరవాత, సోమవారం నుంచి ఆఫీసుకు రమ్మంది.

నేను బయటికి వచ్చి చెప్పగానే పిన్ని నా బుగ్గలు రెండూ నొక్కి, దాచి ఉంచిన బందరు లడ్డూల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. లాజరుగారు కూడా అప్పుడే వచ్చారు.

"ఆలస్యంగా వచ్చావు లాజరూ" అన్నాడు బాబాయి, ముఖమంతా పౌడరుతో. "నా దెబ్బకి దొంగ నోరు మూసుకున్నాడు. అమ్మాయికి ఉద్యోగం వచ్చింది."

లాజరుగారు మోడెం తుడిచి చూశారు. "దీని పక్కనున్న వైఫై బటన్ నొక్కి ఆపేశారేంటండీ? మంచి పనే చేశారు. ఒకే పేరుతో ఇంట్లో రెండు వైఫైలున్నాయి కదా, లాప్‌టాప్ కాసేపు దీన్ని, కాసేపు మెష్‌ని పట్టుకునేది. మారినప్పుడల్లా కాల్ తెగేది. ఇప్పుడు మెష్ ఒక్కటే ఉంది."

"మరి దొంగ?" బాబాయి డైరీ చూపించాడు. "తొమ్మిది, ఆరు, ఏడు, నాలుగు!"

లాజరుగారు ఆ అంకెలు చూశారు. మోడెంకి తగిలించిన తెల్లటి డబ్బాను తిరగేసి, అడుగున ఉన్న స్టిక్కరు మా అందరికీ కనిపించేలా పట్టుకున్నారు.

9674.

"మెష్‌ని పట్టుకున్న ఫోన్లన్నీ కలిపి మోడెంకి ఈ ఒక్క డబ్బాలాగే కనిపిస్తాయండీ. ఇది ఇరవైనాలుగు గంటలూ ఉండాలి మరి."

పిన్ని డబ్బా కేసి, తరవాత బాబాయి కేసి చూసింది.

"గేదె" అంది.

బాబాయి డైరీ మూశాడు. పాలిథిన్ కవర్లోంచి చిట్టిబాబు ఫోను తీసి, స్విచ్చాన్ చేసి, పంచె అంచుతో రెండు వైపులా తుడిచాడు. బల్ల మీది లడ్డూల పెట్టె కేసి చూసి, తరవాత నా కేసి చూశాడు. నేను తలూపాను. పెట్టె చంకన పెట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా గడప దాటి పైవాటా మెట్లెక్కాడు.