సర్వ ఋతువులలో వాహనయోగ్యము

రోడ్లు బాగుండాలని కోరుకునే వాళ్ళంటే నాకు మొదటినుంచీ అనుమానమే. అంత తొందరగా పోయి ఏం చేస్తారండీ వీళ్ళు?

అయ్యా, అమ్మా! లోకంలో ప్రతివాడూ రోడ్డు బాగుచెయ్యండి, రోడ్డు బాగుచెయ్యండి అని గోల పెట్టేవాడే. ముందు బండి బాగుచేసుకుందామన్న ఇంగితం ఒక్కడికీ లేదు. కాల్లో ముల్లు గుచ్చుకుంటే చెప్పులు కుట్టించుకుంటామా, ఊరంతా తోలు పరుస్తామా?

నేను గురజాలకి అవతల ఒక పల్లెలో బడిపంతుల్ని. మెయిన్ రోడ్డు దిగి లోపలికి పోవాలి. దిగడం మీ చేతుల్లో ఉంది, మళ్ళీ ఎక్కడం దేవుడి చేతుల్లో ఉంది. మధ్యలో అంతా నల్లరేగడి, దానికి తోడు ఒక వాగు. ఎండాకాలం ఆ దారి దుమ్ము, వానాకాలం బంక. మొన్న తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. ఆఫీసు బోర్డులు మారాయి, జీపుల మీద రంగు మారింది. మా దారి మాత్రం మాట మీద నిలబడే మనిషిలాగా అలాగే ఉంది.

దీనివల్ల మాకు ఎన్ని లాభాలో! ఇన్సూరెన్సు ఏజెంట్లు మా ఊరు రారు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు మళ్ళీ ఆ దారిన తిరగడానికి భయపడి, పిల్ల నచ్చినా నచ్చకపోయినా అప్పుడే తాంబూలాలు పుచ్చుకుంటారు. మిరపకాయల బస్తా బండికెత్తితే వాగు దాటేసరికి కాయ వేరు, గింజ వేరు. ఇంత సేవ ఏ మిల్లువాడు చేస్తాడు?

అన్నిటికన్నా గొప్ప లాభం విజ్ఞానం. మీ పట్నంలో ఎమ్మే చదివినవాణ్ణి పిలిచి, ఇరుసులో పళ్ళు ఎందుకుంటాయో అడగండి. నోరు తెరుస్తాడు. మా ఊళ్ళో గేదెలు కాసుకునే వాణ్ణి అడగండి. కర్ర పక్కన పెట్టి, కూర్చోమని, విడమరిచి చెప్తాడు!

ఈ విజ్ఞానం మాకు యోహాను పికప్పు పెట్టిన భిక్ష.

యోహాను మిలిటరీలో డ్రైవరుగా చేసి వచ్చినవాడు. వస్తూనే వేలంలో ఒక పాత మిలిటరీ పికప్పు పాడుకున్నాడు. నాలుగు చక్రాలకీ ఇంజను పట్టు ఉండే బండి. ఊళ్ళో పాల క్యాన్లు, పత్తి బోరేలు, పెళ్ళివారు, రోగులు, అందరికీ అదే దిక్కు. మిగతా ఏ మోటారూ వానల్లో మా వాగు మొహం చూడదు.

ఆ పికప్పు కూడా ఒకసారి మోసం చేసింది. అప్పుడు యోహాను కూతురు సుందరికి నొప్పులొస్తున్నాయి. గురజాల ఆసుపత్రికి బయల్దేరదీస్తే బండి వాగులో దిగబడింది. బురదలో ఒక చక్రం గిర్రున తిరుగుతుంటే దాని జతది కదలకుండా ఊరుకుంది. ఎడ్లను తెచ్చి లాగేసరికి పొద్దు వాలింది. సుందరి బతికింది. బిడ్డ దక్కలేదు. ఇందులో నవ్వడానికి ఏమీ లేదు కాబట్టి ముందుకు పోదాం.

యోహాను రోడ్డు కావాలని అర్జీ పెట్టలేదు. జ్ఞాని! బండిని నరసరావుపేటలో అలీ సాహెబ్ షెడ్డుకి తోలుకుపోయాడు.

అలీ సాహెబ్ మొదట ఇరుసుల్లో పళ్ళచక్రాలు మార్చాడు. దాంతో బండికి జోరు తగ్గి లాగే బలం పెరిగింది. ఇప్పుడది ఎద్దుబండి వెనకాల హారన్ కొట్టకుండా, పెద్దల వెనక నడిచినట్టు నడుస్తుంది. తర్వాత వెనక ఇరుసుకి లాకు వేశాడు.

"ఒక చక్రం జారిందనుకో యోహానూ, రెండోది నాకెందుకులే అని కూసుంటది. ఈ రాడ్డు లాగితే లాకు పడుద్ది. ఇక రెండూ కలిసి తిరగాల్సిందే" అని చెప్పాడట.

ఈ సంగతి విని మా సర్పంచి బాలకోటయ్య కంగారుపడ్డాడు. మా వైపు లాకులంటే కాలవకి కట్టేవే మరి. "సాగర్ నీళ్ళే రాలా మనూరికి, లాకు దేనికిరా?" అన్నాడు. విషయం తెలిశాక, అలాంటిది ఒకటి గవర్నమెంటు ఆఫీసులకి కూడా వెయ్యకూడదా అని అడిగాడు. ఒక ఆఫీసు కదిలితే రెండోది కూర్చోవడం ఆయన చాలాసార్లు చూశాడు.

చివరికి ముందు చక్రాలకి కొత్త హబ్బులు. మంచి దారిలో ముందు చక్రాలు ఉత్తినే దొర్లుతుంటాయి. బురద రాగానే కిందికి దిగి చక్రం మధ్యలో ఉన్న బిళ్ళని చేత్తో తిప్పితే అవీ పనిలోకి దిగుతాయి. ఆ బిళ్ళ తిరిగేటప్పుడు టక్కుమని చప్పుడవుతుంది. ఆ చప్పుడు విని మా వాగు నీళ్ళు కూడా పక్కకి జరుగుతాయని మా ఊరి నమ్మకం.

ఇంత సుఖంలో ఉన్న మాకు, ఎవరు చేసిన పాపమో, రోడ్డు శాంక్షనయ్యే సూచనలు కనిపించాయి. దారి చూడటానికి ఇంజనీరు వస్తున్నాడని కబురొచ్చింది. అదీ మంచి వానల్లో!

బాలకోటయ్య పికప్పు దగ్గర మీటింగు పెట్టాడు. "ఏందిరా యోహానూ, అర్థమయిందిగా? బండి వాగులో దిగబడాల. ఆయన మోకాళ్ళ దాకా తడవాల. అప్పుడుగాని రోడ్డు రాదు."

"అట్టాగేలే సర్పంచిగారూ. బిళ్ళలు తిప్పను. రాడ్డు ముట్టను" అన్నాడు యోహాను.

ఇంజనీరుగారు వచ్చారు. మా దారి వంక చూశారు. "ఇందులో నా జీపు రాదు" అని దాన్ని మెయిన్ రోడ్డు మీదే ఆపించారు. తర్వాత మా పికప్పు వంక చూశారు. అంతటితో ఊరుకున్నా మాకు ఈపాటికి రోడ్డు వచ్చేది.

"ఏమయ్యా, ఈ తుక్కు వాగు దాటుతుందా? దీన్ని ఇతనేనా తోలేది? తోలడం వచ్చినవాడు ఊళ్ళో ఇంకెవరూ లేరా?" అన్నారు.

పల్నాటి మనిషిని తిట్టండి, పడతాడేమో. కొట్టండి, తిరిగి కొట్టి ఊరుకుంటాడు. పని రాదని మాత్రం అనకూడదండీ! యోహాను మెల్లగా కిందికి దిగాడు. ముందు చక్రాల దగ్గర టక్కు, టక్కుమని వినిపించింది. వెనక నా పక్కన కూర్చున్న సర్పంచి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"యోహానూ, వాగురా... వాగు..." అని గొణిగాడు పాపం.

యోహాను రాడ్డు లాగాడు. మోకాటిలోతు బురదలో పికప్పు నింపాదిగా దిగింది, నింపాదిగా ఎక్కింది. ఇంజనీరుగారి చేతిలో సగం తాగిన గోలీసోడా ఉంది. ఒక్క చుక్క ఒలికితే ఒట్టు! ఊళ్ళో దిగి, బూట్లు చూసుకుని, చాలా సంతోషించారు. నిజం చెప్పొద్దూ, చప్పట్లు కొట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను. మా ఊరి బండి మరి!

తర్వాత కొన్నాళ్ళకి ఆఫీసు నుంచి జవాబొచ్చింది. "సదరు మార్గము సర్వ ఋతువులలో వాహనయోగ్యము. నూతన రోడ్డు అవసరము లేదు."

బాలకోటయ్య ఆఫీసుకి పరిగెత్తాడు. అక్కడ ఆ ఇంజనీరుగారే ఉన్నారు. ఆ దారివల్ల ఎవరి ప్రాణానికైనా ముప్పు వచ్చిందా అని అడిగారు. బాలకోటయ్య సుందరి సంగతి చెప్పాడు. ఆయన శ్రద్ధగా విని, "అది బండి బాగుచెయ్యక ముందు సంగతి కదా? ఇప్పుడు బాగయిందిగా?" అన్నారట.

ఇక్కడన్నా మా సర్పంచి నోరు మూసుకోవాలా వద్దా? ఆయనదీ పల్నాడే. "బాగవటమేంది సార్! అట్టాంటి బండి జిల్లా మొత్తంలో చూపించండి!" అన్నాడట.

సరే, ఎంతో బతిమాలితే ఇంజనీరుగారు దయతలిచారు. ఆగస్టులో ఇంకోసారి వస్తారు. బండి ఆగిపోవడం కళ్ళారా చూస్తే అప్పుడు ఆలోచిస్తారు.

మళ్ళీ మీటింగు. "నీ చేతిలో ఆ రాడ్డున్నంత కాలం నువ్వు ఆగవురా. లాకు, హబ్బులు ఇప్పి ఇంట్లో పెట్టు. రోడ్డు వచ్చినాంక మళ్ళీ బిగించుకో" అన్నాడు సర్పంచి. యోహాను తప్పు చేసినవాడిలా తల వంచుకుని పానాల పెట్టె తెచ్చాడు.

అప్పుడు వచ్చింది అతని భార్య లీలావతి.

"ఆగస్టులోనే మా సుందరికి మళ్ళీ నెలలు నిండేది. ఆ లాకు ఇప్పే మగోడెవరో నా ముందుకు రండి చూస్తా. రోడ్డు పడ్డాంక కనమని చెప్పమంటారా దానికి?"

ఎవరూ ముందుకు రాలేదు. యోహాను పానాల పెట్టె మూసేశాడు. నా దగ్గరికొచ్చి, "మాస్టారూ, రోడ్డు పోగొట్టింది నేనే, ఒప్పుకుంటా. కానీ మా సుందరిని మళ్ళీ ఆ వాగులో కూసోబెట్టలేను" అన్నాడు. ఆ పూట మీటింగు అలాగే చెదిరిపోయింది.

ఇదండీ మా పరిస్థితి. రోడ్డు రావాలంటే బండి దిగబడాలి. బండి దిగబడితే సుందరికి దిక్కు లేదు. బిడ్డ దక్కితే దారి బాగున్నట్టు లెక్క. ఇంత చక్కని ఏర్పాటు ఏ దేశంలో ఉందో నాకు తెలీదు.

కాబట్టి ఇంజనీరుగారికి నా మనవి. మీరు ఆగస్టులో తప్పకుండా రండి. అయితే మా పికప్పు పంపించడం కుదరదు, అది ఇంటిముందే సిద్ధంగా ఉండాలి. దారి సర్వ ఋతువులలో వాహనయోగ్యమని తమరే సెలవిచ్చారు గనక, తమరి జీపులోనే దయచెయ్యండి. వాగులో దిగబడితే కంగారు పడొద్దు. యోహాను వచ్చి లాగుతాడు. కాకపోతే ఆ పూటే సుందరికి నొప్పులొస్తే, మీ పక్కనుంచే వాగు దాటి, ముందు ఆమెని ఆసుపత్రిలో దించి వస్తాడు. అంతదాకా మీరు జీపులోనే కూర్చోండి. కిందికి దిగితే బూట్లు పాడైపోతాయి.