పండిన తొట్టి

నవ్వేవాళ్ళు ముందే నవ్వేసి కూర్చోండి. మధ్యలో నవ్వితే నాకు కథ తెగిపోతుంది.

మా ముందుగదిలో కిటికీ పక్కన నా ఉప్పునీటి తొట్టి ఉంది కదా! సముద్రంలో ఓ ముక్క కోసి గాజుపెట్టెలో పెట్టినట్టుందని మీరే అన్నారు. లోపల రాళ్ళు, పగడాలు, ఒకే ఒక్క నారింజరంగు చేప. ఎప్పుడూ ఒళ్ళు ఊపుకుంటూ తిరుగుతుందని దానికి పెళ్ళికొడుకని పేరు పెట్టాం. ఇంట్లో నాకంటే దానికే మర్యాద ఎక్కువ.

మా ఆవిడ కర్టెన్లు కుడుతుంది. వెలుతురు బాగా పడే మూల మా ఇంట్లో అదొక్కటే. దానిమీద ఆవిడ కన్ను పడి చాలాకాలమైంది.

"ఏవండీ, ఇదివరకు పోయిన చేపలు పోయాయి. ఇది కూడా పోయిందా, ఆ మూలలో నా మిషనుంటుంది!"

మా ఇంట్లో అది తీర్పు. పైకోర్టు లేదు.

సరిగ్గా అప్పుడే గాజుమీద గోధుమరంగు చుక్కలు కనబడ్డాయి. నాచనుకున్నాను. కానీ నాచు నడవదు కదా, ఇవి నడుస్తున్నాయి! కాగితమంత పల్చటి పురుగులు, జారుకుంటూ పోయి పగడాలమీద చాపలు పరుచుకుని పడుకుంటున్నాయి. మొన్న చిటికెడు, నిన్న పిడికెడు, ఇవాళ గంపెడు!

"ఏంటా మచ్చలు?" అంది మా ఆవిడ.

"అదా? తొట్టి పండుతోందోయ్. మంచి తొట్టికి ఆ రంగొస్తుంది."

"ఓహో," అంది.

ఆ 'ఓహో' దగ్గరే నాకు అనుమానం రావాలి. నాకు అన్నీ ఆలస్యంగానే వస్తాయి, జీతంతో సహా.

చేపల కొట్టాయన దగ్గరికి పరిగెత్తాను. ఉప్పునీళ్ళ డాక్టరంటాం ఆయన్ని. విషయం వినగానే ఓ మందుసీసా చేతికిచ్చి ఏదేదో చెబుతున్నాడు. చెప్పడం పూర్తయ్యేసరికి నేను వీధి చివర ఉన్నాను.

ఆదివారం మా ఆవిడ కుట్టిన కర్టెన్లు ఇచ్చి రావడానికి బయల్దేరింది. గేటు చప్పుడు వినబడిందో లేదో, నేను సీసా మూత తీశాను.

అబ్బబ్బ, ఏం దృశ్యమండీ! మందు పడగానే రాళ్ళమీంచి పురుగులు గిరగిరా తిరుగుతూ లేచాయి. మెలికలు తిరిగి రాలిపోతున్నాయి. గదిలో నేనొక్కడినే విజయయాత్ర చేశాను. "రండ్రా, నా తొట్టి జోలికి రండి!" అని తొడ కూడా కొట్టాను.

ఆ చప్పుడుకేనేమో, పెళ్ళికొడుకు పక్కకి ఒరిగాడు.

డాక్టరుకి ఫోను చేశాను.

"ముందు పురుగుల్ని పైపుతో లాగేశారుగా?"

"ముందు మందు పోశాను."

"అయ్యో! అవి చస్తూ విషం కక్కుతాయని చెప్పానుగా! ముందు లాగమన్నాను, తర్వాత మందన్నాను, ఆ తర్వాత బొగ్గూ కొత్త నీళ్ళూ అన్నాను!"

"నేను మందు దగ్గరే బండెక్కాను."

"అయితే వెంటనే నీళ్ళు మార్చండి!"

ఫోను చెవికి పెట్టుకునే వంటింట్లోకి ఉరికి, బకెట్లో నీళ్ళుపట్టి ఉప్పుడబ్బా బోర్లించాను.

"ఏంటా చప్పుడు?" అన్నాడు డాక్టరు.

"ఉప్పు."

"వంటుప్పా? దానికంటే నేరుగా పోపు పెట్టేయండి!"

ఇంతలో తలుపు తెరుచుకుంది. మా ఆవిడ! కాళ్ళు తుడుచుకునే పట్టాతో తొట్టి కప్పుదామని ఎగబడ్డాను.

"తప్పుకోండి," అంది.

కుట్టుమిషను కిందనుంచి మూతపెట్టిన డ్రమ్ము లాగింది. నిండా సముద్రపు ఉప్పు కలిపిన నీళ్ళు! బట్టలబుట్టలోంచి ఓ సంచీ తీసింది. లోపల తొట్టినీళ్ళలో విషం పీల్చే నల్లటి బొగ్గు, చుట్టూ చక్కటి కుట్టు! సంచీని కడిగి, తొట్టిలోకి ఫిల్టరు నీళ్ళు పడే చోట వేలాడదీసింది. నాచేత పాతనీళ్ళు తోడించి, కొత్తవి తానే పోసింది. నేను నోరు తెరుచుకునే తోడాను.

"ఇవన్నీ ఎప్పుడు...?"

"మీరు వినకుండా పారిపోయారని ఆయన ఇంటికి ఫోను చేశాడు. రోజూ మీరు ఆఫీసుకెళ్ళాక పైపుతో లాగి కర్టెన్ గుడ్డలో వడకట్టాను. మీ మందుకి చచ్చినవి మిగిలిన కాసినే."

"మరి నాకు చెప్పలేదేం?"

"తొట్టి పండుతోందన్నారుగా. పళ్ళు కోశాను."

"మరి కర్టెన్లు?"

"వీధి మలుపు దాకా వెళ్ళాను. మీ జేబులోంచి సీసా తొంగిచూడ్డం గుర్తొచ్చి వెనక్కి తిరిగాను."

కాసేపటికి పెళ్ళికొడుకు నిటారుగా లేచి, ఒళ్ళు ఊపి, ఒక చుట్టు తిరిగాడు. గంతేశాను!

"చేప చావలేదు! మూల నాదే!"

"మూల చేపది. చేపని బతికించింది ఎవరు?"

ఇప్పుడు తొట్టి అక్కడే ఉంది. దాని పక్కన, కిటికీ వెలుతురులో, నా పడకకుర్చీ ఉండే చోట మిషనుంది. కుర్చీ వరండాలో ఎండ కాగుతోంది. నేను స్టూలుమీద కూర్చుని పొద్దున్నే రాళ్ళసందుల్లో పైపు పెట్టి వెతుకుతుంటాను.

నిన్న కర్టెన్ల కోసం వచ్చినావిడ అబ్బురపడి, "ఎంత బాగుందో! ఎవరిదండీ తొట్టి?" అంది.

మా ఆవిడ మిషను ఆపకుండానే చెప్పింది:

"నాదేనండీ. పురుగులు మాత్రం మావారివి."