టైలరక్క కొట్టులో అద్దెదారుల హక్కులు

"ఇకమీదట సామాన్యుడు చట్టం దగ్గరికి వెళ్లక్కర్లేదు. చట్టమే సామాన్యుడి ఇంటికొస్తుంది" అని న్యాయశాఖ మంత్రిగారు మా వీధి మొదట్లో నిలబడి ప్రకటించారు. మేమంతా చప్పట్లు కొట్టాం. వచ్చి ఏం చేస్తుందని ఎవరూ అడగలేదు. అలాంటి సందేహాలు రాని వీధి మాది.

మా వీధిలో ఉచిత న్యాయ సలహా కేంద్రం పెడతారట. అద్దె తగాదాలు, వీలునామాలు, మొగుడూ పెళ్లాల గొడవలు, కొట్టు లైసెన్సులు, దేనికైనా సరే లాయరు గారు కూర్చుని సలహా ఇస్తారట. శుక్రవారం మంత్రిగారే స్వయంగా రిబ్బను కత్తిరిస్తారు. అంతా సిద్ధమే, గది ఒక్కటే లేదు.

గది వెతికే భారం మైకు బాబాయి మీద పడింది. ఆయన పార్టీ కార్యకర్త. చెవిలో రహస్యం చెప్పినా బహిరంగ సభలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. వీధంతా నడిచి నడిచి, నా తాళాల కొట్టు పక్కనున్న టైలరక్క కొట్టు ముందు ఆగాడు. వెడల్పాటి గుమ్మం, కొత్తగా రంగేసిన గోడ. మంత్రిగారు నిలబడితే ఫొటోలో నిండుగా పడతారు.

ఆ కొట్టుకి అద్దె ఒప్పందం ఇంకా నడుస్తోంది. ఆ ముక్క కొట్టు అద్దెకిచ్చిన ఇంటాయన చెప్పాడు కూడా. మైకు బాబాయి ఆయన్ని పక్కకి తీసుకెళ్లి, వీధి మొత్తానికి వినపడేలా, మంత్రిగారి పేరు చెప్పాడు. ఇంటాయనకి బీపీ ఉంది. తన దగ్గరున్న రెండో తాళంచెవి ఇచ్చేసి మేడ మీదికెళ్లి పడుకున్నాడు.

టైలరక్క లైనింగు గుడ్డ కొనుక్కుని వచ్చేసరికి ఆమె కుట్టుమిషను, బల్ల, సగం కుట్టిన స్కూలు యూనిఫారాలు రోడ్డు పక్కన ఉన్నాయి. బడులు తెరిచే వారం అది. అక్కకి ఏడాదంతటికీ చేతినిండా పని దొరికేది అప్పుడే. కొట్టు మీద కొత్త బోర్డు వెలిసింది: 'అద్దెదారుల హక్కుల రక్షణ, ఉచిత సలహా'. జాకెట్లు తొడిగే తలలేని బొమ్మని మాత్రం బయట పెట్టలేదు. నల్లకోటు వేసి గుమ్మం దగ్గర నిలబెట్టారు. నిజం చెప్పొద్దూ, కేంద్రానికి కళ వచ్చింది.

అక్క ఏడవలేదు, తిట్టలేదు. బోర్డు చదువుకుని తిన్నగా లోపలికెళ్లింది. ఏం జరుగుతుందోనని నేనూ గుమ్మం దాకా వెళ్లాను.

లాయరు గారికి అదే మొదటి కేసు. సంబరంగా పెన్ను మూత తీశారు. అంతా విని, ఒప్పందం ఉండగా నోటీసు లేకుండా సామాను బయట పెట్టడం చెల్లనే చెల్లదని, చట్టం పూర్తిగా ఆమె వైపే ఉందని ధైర్యం చెప్పారు.

"ఇంతకీ మీ కొట్లో ఇప్పుడెవరున్నారమ్మా?"

"మీరే బాబూ."

లాయరు గారు కుర్చీలోంచి లేచారు. వేరే కుర్చీ లేకపోవడంతో మళ్లీ అందులోనే కూర్చున్నారు. తన మీద తాను కేసు వేసుకోవడానికి వృత్తి ధర్మం ఒప్పుకోదని చెప్పి, ప్రారంభోత్సవం అయ్యాక రమ్మన్నారు.

ఇంతలో తుంపర మొదలైంది. బట్టలన్నీ నా రేకు కిందికి చేర్చాం. మిషను తడిసిపోతోందని మైకు బాబాయి మనసు కరిగి, దాన్ని ఆటోలో ఎక్కించుకుపోయాడు. ఎక్కడికని అడిగితే ప్రభుత్వ రక్షణలోకి అన్నాడు. ఆ తర్వాత అక్క నా కొట్టు మెట్ల మీద కూర్చుని, వచ్చిన తల్లులందరికీ సర్దిచెబుతూ చేత్తోనే గుండీలు కుట్టింది. రెండు మూడిళ్లవాళ్లు గుడ్డ వెనక్కి తీసుకుపోయారు. అప్పుడు మాత్రం ఆమె కుట్టిన గుండీనే విప్పి మళ్లీ కుట్టింది.

మంత్రిగారి పీఏ ఫోన్ చేసి, కేంద్రం వల్ల న్యాయం పొందిన మనిషి ఒకరు స్టేజీ మీద మాట్లాడాలన్నారు. కేంద్రానికి వచ్చిన మనిషి ఒక్కతే. న్యాయం ముందా, ఉపన్యాసం ముందా అని చూడకూడదని మైకు బాబాయి ఆమెకి నచ్చజెప్పాడు. ఆమె సరేనంది.

శుక్రవారం రిబ్బను కత్తిరించారు. అక్క మైకు ముందు నిలబడి, తనను నోటీసు లేకుండా వెళ్లగొట్టారని, తన కొట్టు తనకిప్పించమని స్పష్టంగా చెప్పింది. మంత్రిగారు అప్పుడు ఫోన్‌లో ఉన్నారు. ఆమె ఆగగానే అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. స్త్రీ స్వయం ఉపాధి గురించి మాట్లాడి, రంగు కాగితం చుట్టిన కుట్టుమిషను ఒకటి కానుకగా ఇచ్చారు.

అక్క కాగితం చింపింది. సూది కింద సగం కుట్టిన నీలం చొక్కా చెయ్యి ఇంకా అలాగే ఉంది.

"ఇది నాదేనండీ" అంది.

"అవునమ్మా, ఇకనుంచి నీదే" అన్నారు మంత్రిగారు.

అప్పుడు సంక్షేమ ఆఫీసరు గారు అడ్డుపడ్డారు. రూల్సు ప్రకారం మిషను లబ్ధిదారు కొట్టులో బిగించి, మంత్రిగారితో ఫొటో తీయాలట. లేకపోతే ఆడిట్లో ఇబ్బందట. కొట్టెక్కడని అడిగారు. అక్క స్టేజీ వెనక్కి చెయ్యి చూపించింది. మంత్రిగారికి ఇంకో ప్రారంభోత్సవం ఉంది, తొందరగా కానివ్వమన్నారు. లాయరు గారి బల్ల, కుర్చీ క్షణాల్లో రోడ్డు మీదికొచ్చాయి. మిషను లోపలికెళ్లింది. ఫొటో అయింది. మంత్రిగారి కారు కదిలింది.

మిషను ముందు కూర్చున్న అక్కని మైకు బాబాయి ఇక లేవమన్నాడు. అక్క ఆ నీలం చొక్కా చెయ్యి మిగతా సగం కుట్టడం మొదలుపెట్టింది. తలెత్తకుండానే, బయట నిలబడ్డ లాయరు గారిని అడిగింది.

"నన్నిక్కణ్ణుంచి లేపాలంటే ఏం చెయ్యాలి బాబూ?"

లాయరు గారు పాపం నిజం చెప్పేశారు. "నోటీసు ఇవ్వాలమ్మా. పైగా మంత్రిగారి చేతుల మీదుగా పెట్టిన మిషను. కదపాలంటే ఆయనే సంతకం పెట్టాలి."

మైకు బాబాయి ఏదో అన్నాడు. ఎవరికీ వినపడలేదు.

మర్నాడు పేపర్లో వార్త వచ్చింది. మా వీధిలో న్యాయ సమస్యలన్నీ ఒక్కరోజులో తీరిపోయినందున కేంద్రం మూసేశారట. ఆ విజయం స్ఫూర్తితో పక్క వీధిలో ఇంకా పెద్ద కేంద్రం తెరుస్తారట.

సాయంత్రానికి పక్క వీధి కొట్లవాళ్లంతా నా దగ్గరికొచ్చారు. నా దగ్గర ఒక్క తాళం కూడా మిగల్లేదు.