జానెడు తలుపుకు గడియ

"నోట్ల మొలలు వెట్టుకొని మాట్లాడకే బిడ్డా, గొంతుల వడ్తయి. ఒట్టెయ్," అంది సత్తమ్మ. అప్పటికి దీప ఇంకా పళ్లు తోముకుంటోంది. నోట్లో నురుగు తప్ప మొలలేమీ లేవు.

దీప, అమ్మ నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసింది. వెయ్యకపోతే ఆ పూట ఉప్మా చేతికి రాదు.

నాచారంలోని ఆ రెండో అంతస్తు ఇంట్లో దీప ఒక బొమ్మరిల్లు చేస్తోంది. ఏఎస్ రావు నగర్ ఆమనిగారు ఇచ్చిన ఆర్డరు అది, మొట్టమొదటిది. తలుపు జానెడే అయినా గడియ నిజంగా పడాలని ఆవిడ షరతు. పదకొండింటికి వచ్చి చూస్తుంది, నచ్చితేనే తీసుకుంటుంది. ఇత్తడి రేకు కత్తిరించి తలుపు తిరగడానికి బియ్యపుగింజలంత బందులు, ఒక చిట్టి గడియ, సన్నటి తీగ ముక్కలతో మొలలు చేసుకుంది దీప. పోయిన వారం సత్తమ్మ చీపురుకు రెండు బందులు చెత్తలో కలిసిపోయాయి కాబట్టి, గదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకుంది.

పదిన్నరకు సత్తమ్మ తలుపు కొట్టింది. "దీపా, చాయ్."

లోపల దీప రెండు చేతులతో చిట్టి తలుపును చట్రానికి అదిమి పట్టుకుంది. జిగురు ఆరేదాకా కదలకూడదు. పెదవుల మధ్య నాలుగు మొలలున్నాయి. ఒట్టు గుర్తుంది.

"మ్మ్," అంది.

సత్తమ్మకు అది మూలుగులా వినిపించింది. "అయ్యో, మింగింది! ఓ పద్మశ్రీ, మా పొల్ల మొలలు మింగింది!"

ఎదురింటి పద్మశ్రీ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "ఎన్ని మింగిందక్కా?"

"నాకేం ఎర్క? డబ్బనిండ ఉండె!"

"డబ్బెడు మింగిందంట!" అని పద్మశ్రీ మెట్ల మీంచి కిందికి అరిచింది.

కింది వాటాలో ఉండే హన్మయ్య, చర్లపల్లి ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు, గునపం పట్టుకొని ఎక్కొచ్చాడు. "ఫికర్ జెయ్యకక్కా. జర జరుగున్రి. గీ గడియ నేనే బిగించిన. నలుగురు గుద్దినా ఊడది."

"మరెట్లన్నా?" అంది పద్మశ్రీ.

"సూడు."

ఒక్క గునపం పోటుకే గడియ ఊడి మంచం కింద పడింది. హన్మయ్య ముఖం చిన్నబోయింది.

అందరూ ఒకరి మీద ఒకరు పడుతూ లోపలికొచ్చారు. దీప కదల్లేదు. పెదవుల మధ్య నాలుగు మొలలు, చేతుల్లో జానెడు తలుపు. సత్తమ్మకు పొద్దుటి ఒట్టు గుర్తొచ్చింది. ఇంతమందిలో ఆ సంగతి ఎత్తకపోవడమే మేలనుకుంది.

"గది తలుపు ఖరాబాయె. ఇగ దీనికి గడియెట్లనే? మాట్లాడవేందే?"

జిగురు ఆరాక దీప ఒక్కొక్క మొలా నోట్లోంచి తీసి బందుల్లో దిగగొట్టింది. అప్పటికే వచ్చి గుమ్మంలో నిలబడిపోయిన ఆమని వంగి, చిట్టి గడియను గోటితో జరిపింది. టక్.

"ఇల్లంతా అదిరినా ఇది ఊడలేదే! తీసుకెళ్తానండీ."

హన్మయ్య వంకరపోయిన పెద్ద గడియను మంచం కింది నుంచి తీసి వీపు వెనక దాచుకున్నాడు. దీప ఊగుతున్న గది తలుపును కింది నుంచి పైదాకా చూసి, అప్పుడు నోరు విప్పింది.

"గంత పెద్దయి నాకు రావమ్మా."