తోక చెప్పిన దొంగ

తెల్లారగానే పడవ వేటకు కదలాలి. ఈలోగా ఎండు కవళ్ళ చేపల దొంగను పట్టేయాలని పోలిరాజు పంతం పట్టాడు. కాకుల్ని తోలడానికని ఆనందపురం సంతలో కుక్కపిల్లను తెచ్చిన దగ్గర్నుంచే వాకిట్లో ఆరబెట్టిన చేపలు తరిగిపోతున్నాయి. కుక్క ఉన్నా వస్తున్నాడంటే దొంగ బాగా తెలిసినవాడే అయ్యుండాలి. మంచివాణ్ణి చూస్తే తోక ఊపుతుందనీ, దొంగను చూస్తే బిగిస్తుందనీ కుక్కపిల్లను అమ్మిన తవిటయ్య ఒట్టేసి మరీ చెప్పాడు.

అంతలో పోలిరాజు పెళ్ళాం దేవికి అన్నయిన సింహాద్రి వల తీసుకెళ్ళడానికి వచ్చాడు. పడవకు చుక్కాని పట్టేది అతనే. అరుగు మీద వలకుప్పపై పడుకున్న కుక్కపిల్ల, అతను వంగేసరికి చెవులు వెనక్కి నొక్కి, ఒళ్ళు బిగించి, తోక కర్రలా నిలబెట్టి గుర్రుమంది. పోలిరాజు దాని తోకకేసీ, సింహాద్రికేసీ మార్చి మార్చి చూశాడు. సొంత బావమరిదే!

"బావా, నిన్ను సూసి ఇది తోక బిగించిందేటి?"

"నానేటి సేసేను?"

"అదే అడుగుతన్నాను."

సింహాద్రికి రోషం పొడుచుకొచ్చింది. "దొంగోడి సేతికి సుక్కానేటికి? నాను రాను," అని గోడ మీద కూలబడ్డాడు. అతను లేకపోతే ఆ పడవ హార్బరు దాటదు. దేవి గరిటెతో బయటికొచ్చి, అన్న దొంగైతే తనూ ఆ అన్నతోనే పుట్టింటికి పోతానంది.

పోలిరాజు పక్షపాతం లేదని చూపించుకోవడానికి పడవలో పనిచేసే కళాసీలందరినీ పిలిచి, ఒక్కొక్కరినే వల దగ్గరికి వెళ్ళమన్నాడు. కుక్కపిల్ల అందరినీ చూసి గుర్రుమంది. అందరూ దొంగలైతే పడవలో తామెందుకని వాళ్ళలో ఒకడైన నాగబాబు తువ్వాలు దులిపి భుజానేసుకున్నాడు. మిగతావాళ్ళూ లేచారు.

"నువ్వూ ఎల్లు మావా," అంది దేవి.

పోలిరాజు మీసం దువ్వుకుంటూ వెళ్ళాడు. కుక్కపిల్ల ఎగిరి అతని లుంగీ పట్టుకుని, అందరి మీదకంటే గట్టిగా గుర్రుమంది. వాకిలంతా అతనికేసి అనుమానంగా చూసింది. పరువు కాపాడుకోవాలని పోలిరాజు దాని మెడ పట్టి పైకి లేపాడు. గోళ్ళకు తగులుకుని వల కూడా లేచింది. కింద కవళ్ళ తలలూ తోకలూ, ఇంకా కొరకనివీ గుట్టగా పడున్నాయి. కుక్కపిల్ల చేతుల్లోంచి దూకి వాటి మీద బోర్లా పడుకుంది.

పోలిరాజే గోడ దగ్గరికి వెళ్ళి, "తప్పయిపోనాది బావా, పద," అన్నాడు. సింహాద్రి లేచి వల భుజానికెత్తుకున్నాడు.

ఆ పూట వాకిట్లో దొంగ తల ఎత్తుకునే ఉంది, దించుకున్నది పోలిరాజు ఒక్కడే.