వరుణప్రియ కాలనీ ద్వీప విహారం

'నైరుతి రుతుపవనాలు సకాలంలో ప్రవేశించినందున, వరుణప్రియ కాలనీ సంక్షేమ సంఘం ఈ ఆదివారం నుంచి స్పీడ్‌బోటులో ఒక పూట ద్వీప విహారం ప్రారంభించుచున్నది. నాలుగు ద్వీపాలు, మూడు ఈత స్థలాలు, మధ్యలో పులిహోర. నీటి ఏర్పాటు సంఘానిదే.'

ఈ ప్రకటనను ఎల్‌బీ నగర్ చౌరస్తా నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రో స్తంభాలకు అతికించారు. చదివినవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. హైదరాబాదుకు సముద్రం లేదన్న లోటు చాలాకాలంగా ఉన్నదే. ఆ లోటును ప్రజలే, ఎవరి సెల్లారులో వారు, ఏటా కొద్దికొద్దిగా తీర్చుకుంటూ వస్తున్నారు. సంఘం చేసిందల్లా దానికి టికెట్టు పెట్టడం.

వరుణప్రియ కాలనీ ఒకప్పుడు చెరువు. చెరువు పోయింది, దాని పేరు బస్టాపుకు మిగిలింది. ఈ సంగతి నీళ్లకు ఎవరూ తెలియజేయలేదు కాబట్టి అవి ఏటా పాత చిరునామాకే వస్తుంటాయి. వచ్చి వెళ్లాక గోడల మీద చార మిగులుతుంది. చార కనబడితే ఫ్లాటు ధర పడిపోతుంది. అందుకని సంఘం ముందుచూపుతో చార దాకా గోధుమరంగు వేయించింది. కొన్ని ఇళ్లకే వేస్తే ఆ ఇళ్లు తెలిసిపోతాయని కాలనీ మొత్తానికీ వేయించింది. ఏటా ఆ రంగు కొంచెం పైకి జరుగుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు అదొక డిజైను అనుకుని మెచ్చుకుంటారు. ఫ్లాటు చూపించడానికి వరుణప్రియలో మంచి ముహూర్తాలన్నీ ఏప్రిల్ నెలలోనే పడతాయి.

ఈ కాలనీ కూడలిలో విజయదుర్గ కర్రీ పాయింటు ఉంది. విజయదుర్గ భీమవరం వైపు నుంచి వచ్చిన మనిషి. ఆమె దుకాణం గుమ్మానికి ఎదురుగానే మ్యాన్‌హోలు. దాని ఇనుప మూత మీద ఆమె రోజూ ముగ్గు వేసేది. ఆమె నడుం నొప్పి చూడలేక, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటరులో లెక్కలు చెప్పే భర్త ప్రసన్నకుమార్ ఒక సెలవు రోజున తెల్ల పెయింటు తెచ్చి, స్కేలు పెట్టి చుక్కలు కొలిచి, మూత మీద చెరగని ముగ్గు వేసిపెట్టాడు. అంత కొలిచినా ఒక చుక్క ఎక్కువైంది.

"లెక్కల మాస్టారికి చుక్కలు లెక్కపెట్టడం రాదన్నమాట" అని ఆమె నవ్వింది.

"ఎక్కువే కదా అయ్యింది. తక్కువ కాలేదుగా" అన్నాడాయన.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం కాలనీలో నీళ్లు నడుం దాకా వచ్చాయి. వీధిలో నీళ్లు పోవాలంటే మ్యాన్‌హోలు మూత తీయాలి. ఇది నగరంలో ప్రతి కాలనీకీ తెలిసిన విద్యే. ఎవరో పుణ్యాత్ముడు తీశాడు. సెల్లార్లు ఖాళీ కావడం మొదలుపెట్టాయి. బాల్కనీల్లోంచి చూసి అందరూ దండం పెట్టుకున్నారు. ఆ దారినే ప్రసన్నకుమార్ పాల ప్యాకెట్లు పట్టుకుని ఇంటికి వస్తున్నాడు. నీళ్ల కింద ఏముందో కనబడకపోయినా, ఆ చోట తన ముగ్గు ఉందని ఆయనకు తెలుసు. ధైర్యంగా అడుగు వేశాడు. మరునాడు దూరంగా నాలాలో దొరికాడు. చేతి గడియారం నడుస్తూనే ఉంది.

సంఘం సంతాప సభ జరిపింది. వీధిలో నడిచేటప్పుడు సభ్యులు మరింత జాగ్రత్తగా నడవాలని తీర్మానించింది. మూత ఎవరు తీశారు, తీసింది ఎక్కడ పెట్టారు అనేవి చర్చాంశాల్లో లేవు.

అప్పటినుంచి విజయదుర్గకు కావలసింది ఒక్కటే, ఆ గుంతకు మూత. మునిసిపల్ ఆఫీసులో అడిగితే పాత మూత తెచ్చి చూపిస్తే కొత్తది ఇస్తామన్నారు. పోనీ, ప్రమాదమని ఒక బోర్డయినా పెట్టమని సంఘం కార్యదర్శి బాపిరాజును అడిగింది. ఆయన కూడా గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాడే, మర్యాద తెలిసినవాడు.

"అమ్మా, 'ప్రమాదం' అని రాయిస్తే మొత్తం కాలనీకే రేటు పడిపోద్ది. 'స్వాగతం' అని రాయించమను, ఇప్పుడే రాయిస్తాను" అన్నాడు.

ఆమె తనే ఒక కర్రకు ఎర్రగుడ్డ కట్టి గుంతలో నిలబెట్టుకుంది.

విహారం ఆలోచన సంఘం అధ్యక్షుడు భిక్షపతిది. నల్గొండ నుంచి వచ్చి, చెరువుగా ఉన్నప్పుడే ఈ నేలను ప్లాట్లుగా చూడగలిగిన దార్శనికుడు. "గోవాల ఏమున్నదయ్యా? నీళ్లే గదా! మన తాన తక్వున్నయా? మనోళ్లు పైసలు పెట్టి గాడికి వొయ్యి తడుస్తున్నరు" అన్నాడు. మూతపడిన ఒక రిసార్టు నుంచి పాత స్పీడ్‌బోటు కొని, రంగు వేయించాడు. ఇన్నాళ్లూ దాచిపెట్టిన నీళ్లను ఇప్పుడు చూపించవచ్చునని తెలియగానే కాలనీవాసులకు పెద్ద బరువు దిగినట్టయింది. అమ్మకానికి ఉన్న ఫ్లాట్ల బోర్డుల మీద 'నీటి అంచున నివాసం' అని చేరింది.

పులిహోర పని విజయదుర్గకు అప్పగించడానికి భిక్షపతి స్వయంగా వచ్చాడు.

"చేస్తానండి. గుంతకు మూత వేయించండి అన్నయ్యగారూ, అదొక్కటే" అంది ఆమె.

"ఏస్తం చెల్లె, ఎందుకెయ్యం! ఫస్ట్ ట్రిప్పు కానియ్యి. నేను జబాన్ ఇస్తున్న."

పడవ అడుగు గీసుకుపోతుందని ఎర్రగుడ్డ కర్రను మాత్రం ముందే తీయించారు.

ఆదివారం ఉదయం భగవంతుడి దయవల్ల కుండపోత. ప్రారంభోత్సవానికి వచ్చిన ప్రజాప్రతినిధి అపార్ట్‌మెంటు రెండో మెట్టు మీద నిలబడి ప్రసంగించారు. "సోదర సోదరీమణులారా! వెనకటివాళ్లు మీకు రోడ్లిస్తమన్నరు. రోడ్డు ఇయ్యాల ఏస్తే రేపు గుంత పడుతది. నీళ్లకు గుంత పడంగ మీరెప్పుడన్న చూసిన్రా? అందుకే మా ప్రభుత్వం శాశ్వత పరిష్కారం చేసింది!" చప్పట్లు మోగాయి. పులిహోర బుట్ట చేతుల్లో ఉన్నందువల్ల విజయదుర్గ చప్పట్లు కొట్టలేదు.

పడవ వేగం గురించి ఒక మాట. వరుణప్రియలో ప్రతి పెద్దమనిషీ తన గేటు ముందు ఒక స్పీడ్‌బ్రేకర్ వేయించుకున్నాడు. అవి నీళ్లలో మునిగినా తమ విధి నిర్వర్తిస్తాయి. పడవ నడిపే తిరుపతి నిన్నటిదాకా ఆటో తోలినవాడు. ఒక్కొక్క దాని దగ్గరా నెమ్మది చేసి, "జర గట్టిగ పట్టుకోండ్రి" అని దాటించేవాడు. పక్కన నీళ్లలో నడుస్తున్న ఇద్దరు ముగ్గురు ఈలోగా స్పీడ్‌బోటును దాటి ముందుకు వెళ్లిపోయారు.

మొదటి ద్వీపం ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె. దీన్ని దూరం నుంచే దర్శించాలని నియమం. రెండోది పార్కులో జారుడుబల్ల, దాని కింద మొదటి ఈత స్థలం. మూడోది మునిగిన కార్ల పైకప్పులన్నీ కలిసిన ద్వీపసమూహం. "గదే మాది, తెల్లది!" అని ఒక యజమాని గర్వంగా చూపించాడు. దాని వెనక సెల్లారు రెండో ఈత స్థలం. ఎండ తగలదు, కాబట్టి ఒంటిరంగు చెడదని బాపిరాజు వివరించాడు. అల్మాస్‌గూడ నుంచి భర్తతో వచ్చిన స్వప్నకు కొంచెం అసూయ కలిగింది.

"మా దిక్కు మోకాళ్ల దాకనే ఒస్తయక్కా. గవి గూడ ఒక్కరోజుల పోతయ్. ఇంత మంచిగ నిలువయ్" అంది విజయదుర్గతో, పులిహోర అందుకుంటూ.

నాలుగోది జనం నివసించే ద్వీపం. ఒక ఇంటి కప్పు మీద ముసలాయన ఒకడు గొడుగు వేసుకుని కూర్చుని ఉన్నాడు. "అయ్యా, తాగెతందుకు ఇన్ని నీళ్లుంటె ఇయ్యిండ్రి" అన్నాడు. నాలుగు దిక్కులా నీళ్లు పెట్టుకుని నీళ్లడగడం యాత్రికులకు ఎంతో నచ్చింది. ఆయనతో మళ్లీ ఒకసారి అనిపించి వీడియో తీసుకున్నారు. విజయదుర్గ బుట్టలోంచి ఒక సీసా తీసి విసిరింది. ద్వీపవాసులకు ఆహారపానీయాలు ఇవ్వరాదన్న నిబంధనను బాపిరాజు ఆమెకు సున్నితంగా గుర్తుచేశాడు.

చివరిది, యాత్రకే తలమానికం, మూడో ఈత స్థలం. కూడలిలో నీళ్లు వాటంతటవే గిరగిరా తిరిగే చోటు. కరపత్రంలో దీని పేరు 'జకూజీ పాయింట్'. పెద్ద హోటళ్లలో ఇలాంటి తొట్టికి కరెంటు ఖర్చవుతుందని, ఇక్కడ అంతా ప్రకృతి ప్రసాదమని రాశారు. కర్రీ పాయింటు షట్టరు ఎదురుగా కనబడుతోంది. విజయదుర్గ బుట్ట కింద పెట్టింది.

"సార్, ఈడ కట్టెతందుకు ఏం లేదు. లంగరు ఎయ్యాలె" అన్నాడు తిరుపతి.

పడవ వెనక గోనెపట్టా లాగి, కింద ఉన్నదాన్ని భిక్షపతీ అతనూ కలిసి లేపారు. గుండ్రటి ఇనుప పలక. కన్నాల్లోంచి తాడు కట్టి ఉంది. పట్టా రాసుకుని దాని మీది మట్టి కొంత పోయింది.

"ఆగండి" అంది విజయదుర్గ. ముందుకు వంగి చీరకొంగుతో తుడిచింది. తెల్లగా ముగ్గు తేలింది. చుక్కలు లెక్కపెట్టింది. ఒకటి ఎక్కువే ఉంది.

"ఇదెక్కడిదండీ?"

"లంగరు చెల్లె. మస్తు బరువుంటది, కదల్ది. మా సెల్లార్ గేటుకు అడ్డం పెట్టిన, నీళ్లు లోపటికి రాకుంట..." అంటూ భిక్షపతి ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"మూత తీసింది మీరా అన్నయ్యగారూ?"

"గట్లంటవేంది? నాకొక్కనికే నీళ్లొచ్చినయా? బాల్కనీలకెల్లి అందరు 'తియ్యి భిక్షపతీ, తియ్యి' అని ఒర్రలేదా? బాపిరాజు సారు టార్చి పట్టిండు!"

"అది సమష్టి నిర్ణయం అమ్మా. వ్యక్తులకు అంటగట్టకూడదు" అన్నాడు బాపిరాజు, నీళ్లలోకి చూస్తూ.

"తియ్యమని అందరూ అరిచారు. సరే. మళ్లీ పెట్టమని ఒక్కరూ అరవలేదా?"

విజయదుర్గ మూత మీద కాలు పెట్టి నిలబడింది. "ఇది లంగరు కాదు. దీని చోటు నాకు తెలుసు. ఇప్పుడే వేసేద్దాం."

పడవలో కలకలం రేగింది. మూత వేస్తే నీళ్లెట్ల పోతాయని కాలనీవాసులు, మూత వేస్తే జకూజీ ఎట్ల తిరుగుతుందని యాత్రికులు. ప్రజాస్వామ్యంలో ఇలాంటి చిక్కులకు పద్ధతి ఉంది. "మూత వేయడానికి అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి" అన్నాడు బాపిరాజు. అప్పటికే అందరి చేతులూ పైకెత్తి ఉన్నాయి, ఏడవబోతున్న ఆడమనిషి వీడియోలో బాగా పడాలని. ఫోన్లున్న చేతులు చెల్లవని నియమావళిలో లేదు. కార్యదర్శి లెక్కపెట్టి, ఏకగ్రీవమని ప్రకటించాక గానీ తానేమన్నాడో గ్రహించలేదు. విజయదుర్గ ఏడవకపోవడం కొందరిని నిరాశపరిచింది.

ఆమె, తిరుపతి కలిసి మూతను తాడుతో దింపారు. సుడి దాన్ని తనే లాక్కుంది. కింద ఇనుము ఇనుము మీద పడిన చప్పుడు వినబడింది. నీళ్లు తిరగడం మానేశాయి. తిరుపతి తాడు కోసేశాడు.

తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించగలరు. వాన ఆగలేదు. గోధుమరంగు దాటి నీళ్లు పెరిగాయి. ఒక పూట విహారం పూర్తి రోజు విహారమైంది. వీధిలో ఆఖరి కార్లు ద్వీపాలుగా కూడా మిగలకుండా మునిగాయి. "ఒక్క మనిషి మొండితనానికి కాలనీ మొత్తం పరేషాన్ గావాల్నా?" అని బాల్కనీలు మాట్లాడుకున్నాయి. ఆ రోజుల్లో కూడలి దాటి ఆఫీసులకు, బడులకు, దవాఖానకు వెళ్లినవారు తిరిగి ఇళ్లకు చేరారు. దీన్ని ఎవరూ గమనించలేదు. జరగని ప్రమాదానికి సాక్షులు దొరకరు.

తర్వాత ఒక ఉదయం విజయదుర్గ తలుపు తీసేసరికి వీధి ఆరి ఉంది. సెల్లార్లు శుభ్రంగా ఉన్నాయి. మూత లేదు. ఎవరో పుణ్యాత్ముడు.

ఆ రోజు కర్రీ పాయింటులో రద్దీ చెప్పనలవి కాదు. కాలనీలో ప్రతి ఇంటివాళ్లూ వచ్చి కూర కొన్నారు. "తిన్నావా అమ్మా?" అని ప్రతి ఒక్కరూ ఆప్యాయంగా అడిగారు. గుంత వైపు ఎవరూ చూడలేదు.

ఇప్పుడు వాన పడితే ఆమె దుకాణంలో కూర్చోవడం లేదు. స్టూలు తెచ్చి గుంత పక్కనే నీళ్లలో వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చుంటోంది. వచ్చేపోయేవాళ్లకు "ఇటు కాదు బాబూ, అటు" అని చెబుతోంది. సంఘం ఆమె సేవను గుర్తించింది. కొత్త కరపత్రంలో ఒక వాక్యం చేర్చింది: 'స్థానికులు ఆప్యాయంగా దారి చూపుదురు.'

మూత ఈసారి ఎవరు తీశారని అడుగుతారా? తప్పకుండా చెబుతాను. ముందు ఒకసారి కిందికి దిగి, మీ సెల్లారు ఆరిందో లేదో చూసి రండి.